రోడ్డు మీద ఇద్దరు: అమెరికా పూల్ పందెగాళ్ళ లెక్కలు

(వర్జీనియాలో ఒక తెలుగు నెలవారీ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే మైకు ముందు అన్నమయ్య కీర్తనల గురించి మాట్లాడుకున్నారు. ఈ నెల జూదం గురించి. విషయం ఎంచుకున్నది నేను, సరేనన్నది అధ్యక్షులవారు, కాబట్టి తిట్లు చెరిసగం పంచుకుంటాం. (నవ్వులు)

పూల్ టేబుల్ మీద డబ్బు పెట్టి ఆడుతూ, కారేసుకుని ఊరూరా తిరిగి బతికిన మనుషులు ఈ దేశంలో కొన్ని తరాల పాటు ఉన్నారు. 1930ల మాంద్యంలో ఉన్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్నారు, సెల్‌ఫోన్లు వచ్చేదాకా ఉన్నారు. వాళ్ళని హస్లర్లు అంటారు. సినిమాల్లో కనపడే హస్లర్ ఒంటరివాడు. అసలు రోడ్డు మీద తిరిగింది మాత్రం చాలావరకు జంటలు. ఒకడు ఆడతాడు, రెండోవాడు ఆడడు. నన్నడిగితే డబ్బు సంపాదించి పెట్టింది ఆ ఆడనివాడే. ఇవాళ ముఖ్యంగా అతని గురించే చెప్తాను.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. పూల్ అంటే కర్రతో తెల్లబంతిని కొట్టి, అది తగిలిన బంతుల్ని టేబుల్ అంచుల్లోని పాకెట్లలో పడేసే ఆట. రోడ్డు మీద ఎక్కువగా నడిచింది నైన్ బాల్. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బంతులు. టేబుల్ మీద మిగిలినవాటిలో అన్నిటికంటే చిన్న అంకెకి తెల్లబంతి ముందు తగలాలి. అలా తగిలాక ఏ బంతి పడినా చెల్లుతుంది. తొమ్మిదో బంతి పడేసినవాడిది ఆట. కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది, అదృష్టానికీ కాస్త చోటుంది. జూదానికి ఇంతకంటే ఏం కావాలి? రెండోది వన్ పాకెట్. టేబుల్‌కి ఆరు పాకెట్లున్నా ఒక్కొక్కరికీ ఒక మూల పాకెట్టే సొంతం. అందులో ముందుగా ఎనిమిది బంతులు వేసుకున్నవాడు గెలుస్తాడు. ఇది నిదానంగా, ఓపిగ్గా ఆడే ఆట. పెద్ద పందేలు దీనిమీదే ఎక్కువ.

ఇప్పుడు బాగా ఆడేవాడి కష్టం చూడండి. ఇరవై ఏళ్ళు రాకుండానే ఊళ్ళో అందరినీ ఓడించేశాడు. ఆ తర్వాత అతనితో డబ్బు పెట్టి ఆడేవాడు ఊళ్ళో ఉండడు. పోనీ టోర్నమెంట్లకి వెళ్దామంటే వాటి ప్రైజు డబ్బుతో ఇల్లు గడవదు. విల్లీ మోస్కోనీ 1954లో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తప్పు లేకుండా వరసగా 526 బంతులు వేశాడు. అంతటివాడు కూడా పూల్ టేబుళ్ళు చేసే బ్రన్స్‌విక్ కంపెనీ తరఫున ఊరూరా ప్రదర్శనలిచ్చి సంపాదించుకున్నాడు. అలాంటి కొలువు దేశం మొత్తం మీద ఒకరిద్దరికి దొరికితే గొప్ప. మిగిలినవాళ్ళకి ఒకటే దారి: తన మొహం తెలియని ఊరికి పోవడం.

డబ్బున్న ఊరు ఎక్కడుందో తెలుసుకోవడం ఈ వృత్తిలో మొదటి పాఠం. యుద్ధ సమయంలో అలాంటి ఊరు మన రాష్ట్రంలోనే ఉంది, నార్ఫోక్. నౌకాదళం అక్కడే, ఓడలు కట్టే కార్ఖానాలు అక్కడే. రేపు ఏ సముద్రంలో ఉంటామో తెలియని కుర్రాళ్ళ చేతిలో ఇవాళ అందిన జీతం ఉండేది. ఎక్కడెక్కడి ఆటగాళ్ళూ అక్కడ దిగారు. లూథర్ లాసిటర్ అనే ఆయనది సరిహద్దు దాటితే వచ్చే నార్త్ కరోలినాలోని ఎలిజబెత్ సిటీ. హాట్‌డాగులు తెగ తింటాడని కుర్రతనంలోనే 'వింపీ' అని పేరు పెట్టారు. 1960లలో ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు గెలిచాడు కానీ, జూదగాళ్ళలో అతనికి పేరొచ్చింది నార్ఫోక్ రాత్రుల వల్లే.

అయితే ఈ రోడ్డు అందరికీ తెరుచుకుని లేదు. నల్లజాతి ఆటగాడు దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ పూల్‌రూములో అడుగే పెట్టలేడు, ఇక మొహం దాచుకోవడం ఎక్కడ! బ్రూక్లిన్‌కి చెందిన సిసిరో మర్ఫీని పెద్ద టోర్నమెంట్లకి ఏళ్ళ తరబడి పిలవలేదు. చివరికి 1965లో కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో ఆడనిస్తే ఆ ప్రపంచ టైటిల్ పట్టుకుపోయాడు. రోడ్డు కథలు సరదాగా చెప్పుకునేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతుంటారు.

ఇక పని ఎలా నడిచేదో చూద్దాం.

నెడ్ పోల్స్కీ అనే సామాజిక శాస్త్రవేత్త 1960లలో న్యూయార్క్ పూల్‌రూముల్లో తిరిగి, తనూ ఆడుతూ, హస్లర్ల మీద ఒక అధ్యయనం చేశాడు. ఆయన చెప్పినవాటిలో నాకు నచ్చింది ఇది. మామూలు మోసగాడు లేని సరుకు ఉన్నట్టు చూపిస్తాడు. హస్లర్ ఉన్న సరుకు లేనట్టు చూపిస్తాడు. వినడానికి తేలిక. చేసి చూస్తే తెలుస్తుంది. పదేళ్ళు సాధన చేసిన చెయ్యి తప్పు కొట్టమంటే కొట్టదు. కొట్టినా అది తప్పులా కనపడాలి. గురి చూసి అర అంగుళం పక్కకి కొట్టాలి, 'అరె, పోయిందే' అని మొహం పెట్టాలి. ఎదుటివాడికి ఆశ చావకూడదు కాబట్టి ఏడుకి రెండుతో కాకుండా ఏడుకి ఆరుతో నెగ్గాలి. కళ్ళు చెదిరే షాట్ కొట్టే అవకాశం వచ్చినా వదిలేసుకోవాలి. చప్పట్ల కోసం చెయ్యి దురద పెట్టేవాడు ఈ పనికి పనికిరాడు.

క్యూ, అంటే ఆడే కర్ర, దాని సంగతి కూడా చెప్పాలి. సొంత క్యూని పెట్టెలో పెట్టుకుని వచ్చేవాడిని చూడగానే ఎవడైనా జాగ్రత్తపడతాడు. అందుకని రోడ్డు ఆటగాళ్ళు ఒక రకం క్యూ చేయించుకునేవారు. చూస్తే పూల్‌రూములో గోడకి ఆనించి ఉండే అద్దె కర్రలానే ఉంటుంది. దగ్గరగా చూస్తే తప్ప మధ్యలో మరతో విడిపోయే అతుకు కనపడదు. బరువు, మొన, పట్టు అన్నీ అతని చేతికి కుదిరినవే. గోడ దగ్గరకెళ్ళి నాలుగు కర్రలు తిరగేసి, ఐదోదిగా తనదే పట్టుకునేవాడు.

బార్లలో ఇంకో చిక్కుంది. నాణెం వేస్తే బంతులు వదిలే చిన్న టేబుళ్ళు అవి, ఏడడుగులవి. పాకెట్లో పడ్డ బంతుల్లోంచి తెల్లబంతిని టేబుల్ వేరు చేసి వెనక్కి పంపాలి కదా. పాత టేబుళ్ళలో అందుకోసమని తెల్లబంతి మిగతావాటికంటే పెద్దదిగానో బరువుగానో ఉండేది. ఇంకో బంతికి తగిలాక అది మామూలు తెల్లబంతిలా వెనక్కి తిరిగి రాదు, మొండికేస్తుంది. తొమ్మిదడుగుల టేబుల్ మీద రాజైనవాడు దాని మీద తెల్లమొహం వేస్తాడు. ఆ బారులో రోజూ ఆడే లారీ డ్రైవర్ అతన్ని ఊడ్చేస్తాడు. దాన్ని విడిగా సాధన చేసి పట్టు తెచ్చుకున్నవాళ్ళే బార్లలో బతికారు.

సరే, ఆట అంతా ఆడేవాడిదేగా, రెండోవాడేం చేశాడంటారా? పందెం కుదిర్చేది అతనే. ఒక మాటల బేరం ఎలా సాగుతుందో ఊహించి చెప్తాను.

"మీవాడు నాకంటే బాగా ఆడతాడు. ఎనిమిది ఇస్తే ఆడతా."

"ఎనిమిదా? రాత్రంతా కారు తోలుకుంటూ వచ్చాం, వాడికి కళ్ళు మూతలు పడుతున్నాయి. నువ్వే ఇవ్వాలి వాడికి."

"అయితే వద్దులే."

"సరే, ఎనిమిది తీసుకో. కానీ ఏ పాకెట్టో ముందే చెప్పి వెయ్యాలి."

ఎనిమిది ఇవ్వడమంటే, బలహీనుడు తొమ్మిదికి బదులు ఎనిమిదో బంతి వేసినా గెలిచినట్టే. గుడ్డిగా ఎక్కడ పడినా చెల్లుతుందా, పాకెట్ చెప్పి వెయ్యాలా అన్నదాంట్లో బోలెడు తేడా ఉంది. బ్రేక్, అంటే ఆట మొదలుపెట్టే మొదటి దెబ్బ, ఎవరిది? గెలిచినవాడిదా, వంతులవారీగానా? పెద్ద టేబులా, చిన్న టేబులా? ఒక్కో షరతుకీ ఒక ధర ఉంటుంది. ఆ ధరలన్నీ ఆడనివాడి తలలో ఉంటాయి.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, ఈ హాల్లో సగంమంది లెక్కలతోనే జీతాలు తెచ్చుకుంటున్నారు కదా. ఆటకి 20 డాలర్లు, రాత్రికి 40 ఆటలు అనుకోండి. మనవాడు నూటికి 55 ఆటలు నెగ్గే షరతులు కుదిరితే సగటున రాత్రికి మిగిలేది 80 డాలర్లు. ఇందులోంచే మోటెల్, పెట్రోలు, ఇద్దరి తిండి. పైగా, ఎదుటివాడికంటే మెరుగైనవాడే అయినా, సుమారు ఐదు రాత్రుల్లో ఒక రాత్రి ఓడిపోయి లేస్తాడు. అదే షరతులు ఇంకాస్త బిగించి నూటికి 60 చేశారనుకోండి. మిగిలేది 160కి పెరుగుతుంది, ఓడే రాత్రి సుమారు పద్నాలుగింట ఒకటికి తగ్గుతుంది. రాబడి రెట్టింపు, భయం మూడో వంతు. ఆ 55కీ 60కీ మధ్య తేడా రావాలంటే టేబుల్ మీద ఏళ్ళ తరబడి సాధన కావాలి. కౌంటర్ దగ్గర కాఫీ తాగుతూ చేసే బేరంలో అరగంట చాలు. నేను ఆడనివాడే సంపాదించాడు అన్నది ఇందుకే.

ఎదుటివాడి బలం ఎంతో ముందే తెలిస్తే బేరం ఇంకా తేలిక. అందుకు ఊళ్ళో ఒక మనిషి ఉంటాడు. ఎవడు డబ్బు పెట్టి ఆడతాడు, జేబులో ఎంత ఉంటుంది, ఓడుతున్నకొద్దీ పందెం పెంచుతాడా లేక మూట కట్టుకుని ఇంటికి పోతాడా అన్నీ చెప్తాడు. నెగ్గాక అతనికి కొంత ముట్టజెప్పాలి. ఎగ్గొడితే ఆ ఊరి తలుపు మళ్ళీ తెరుచుకోదు.

ఇంకొకటి, పై పందేలు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. పుంజుల యజమానుల మధ్య పందెం ఒకటైతే, చుట్టూ చేతులెత్తి అరిచేవాళ్ళ మధ్య తిరిగే డబ్బు దానికి ఎన్నో రెట్లు. పూల్‌రూములోనూ అంతే. ఇద్దరూ వేరువేరుగా, ముక్కూమొహం తెలియనట్టు లోపలికి వస్తారు. ఆడేవాడు చిన్న పందేనికి తంటాలు పడుతుంటాడు. రెండోవాడు బీరు పట్టుకుని నసుగుతూ, ఎవరో ఏదో అంటే పౌరుషానికి పోయినట్టు పై పందెం కాస్తాడు. డబ్బు టేబుల్ మీద వేలాడే దీపం పైన పెట్టడం రివాజు. అందరికీ కనపడుతూ ఉంటుంది, ఓడినవాడు 'రేపు ఇస్తా' అనడానికి ఉండదు. జూదం బాకీ ఎగ్గొడితే ఏ కోర్టుకీ పోలేం కదా. జేబులో రూపాయి లేకుండా పందెం కాసి దొరికిపోయినవాళ్ళు తన్నులు తిన్నారు. నెగ్గి బయటికొచ్చినవాళ్ళు కూడా పార్కింగ్‌లో తుపాకీ చూసి మొత్తం ఇచ్చేసి వెళ్ళిన సందర్భాలున్నాయి. గదిలో ఎవరి మొహం మారుతోందో కనిపెట్టి, ఎప్పుడు లేవాలో చెప్పడం కూడా ఆడనివాడి పనే. ఆడేవాడికి టేబుల్ తప్ప ఏమీ కనపడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ ఇద్దరూ జట్టుగా ఎందుకు ఉన్నారు? డబ్బున్న ఆసామి ఎవరినైనా వెనక పెట్టుకుంటే సరిపోదా?

అలాంటి ఆసాములు ఉన్నారు. వాళ్ళతో ఒప్పందం సాధారణంగా ఇలా ఉండేది: ఓడితే నష్టమంతా ఆసామిదే, నెగ్గితే చెరిసగం. ఆటగాడికి ఇంత మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది అనిపిస్తుంది. కానీ వెయ్యి డాలర్ల పందెం తీసుకుని లెక్క వేయండి. నిజాయితీగా ఆడి నెగ్గితే ఆటగాడి చేతికి 500. ఓడితే సున్నా. అదే ఎదుటివాడితో ముందే మాట్లాడుకుని కావాలని ఓడిపోతే? ఆసామి వెయ్యీ ఎదుటివాడికి పోతుంది, ఇద్దరూ వెనక సందులో పంచుకుంటారు. ఆటగాడి వాటా మళ్ళీ 500, ఈసారి ఖాయంగా. కష్టపడి, టెన్షన్ పడి, చెమటలు కక్కి నెగ్గితే ఎంతో, ఊరికే ఓడితే అంతే! ఒప్పందంలోనే దొంగతనానికి దారి ఉంది. తన ఆటగాడి చేతిలోనే మోసపోయిన ఆసాముల కథలు అందుకే అన్ని ఉన్నాయి.

రోడ్డు జంట లెక్క దీనికి విరుగుడు. ఇద్దరూ చెరో 500 వేసి ఒకే మూట చేశారు. ఇప్పుడు ఆటగాడు కావాలని ఓడిపోతే తన 500 పోతాయి, ఎదుటివాడి దగ్గర 500 వస్తాయి. ఒరిగింది సున్నా. నెగ్గితే 500 లాభం. అంటే మోసం చెయ్యకపోవడమే లాభం. వాళ్ళ స్నేహాల గురించి గొప్పగా చెప్తుంటారు, అందులో నిజం ఉండొచ్చు కూడా. నాకు మాత్రం ఆ స్నేహం కింద ఈ లెక్క కనపడుతుంది. ఖర్చులు ముందు పక్కన తీసి, మిగిలింది ఏ రాత్రికారాత్రి పంచుకున్న జంటలు నిలిచాయి. 'తర్వాత చూసుకుందాం' అన్నవాళ్ళు విడిపోయారు.

ఈ మనుషులంతా ఒకచోట చేరిన ఊరొకటి ఉంది. దక్షిణ ఇల్లినాయ్‌లో జాన్‌స్టన్ సిటీ. కార్బన్‌డేల్ యూనివర్సిటీలో చదివినవాళ్ళు ఆ బోర్డు చూసే ఉంటారు, దగ్గరే. బొగ్గు గనుల ప్రాంతం, చిన్న ఊరు. అక్కడ జార్జి, పాలీ జాన్స్కో అనే అన్నదమ్ములు 1961లో హస్లర్ల కోసమే ఒక టోర్నమెంట్ మొదలుపెట్టారు. ఏటా ఆకురాలు కాలంలో జరిగేది. పగలు ట్రోఫీ కోసం ఆడేవారు. రాత్రి మొదలయ్యేది అసలు కథ, తెల్లారేదాకా. పేపర్లవాళ్ళు, టీవీవాళ్ళు వచ్చి రాశారు, తీశారు. 1972లో ఫెడరల్ అధికారులు దాడి చేసి అరెస్టులు చేశారు. దాంతో అది ముగిసింది. తలుచుకుంటే వింతగా ఉంటుంది: మొహం దాచుకుని బతికేవాళ్ళే కెమెరా ముందుకొచ్చి నిలబడ్డారు.

ఆ కెమెరాని అందరికంటే బాగా వాడుకున్నవాడు రుడాల్ఫ్ వాండెరోన్. అతనూ ఆ చుట్టుపక్కల డావెల్ అనే పల్లెలో ఉండేవాడు. 1961లో 'ది హస్లర్' సినిమా రాగానే, అందులో మిన్నెసోటా ఫ్యాట్స్ అనే పాత్ర తనదేనని ప్రకటించుకున్నాడు. కథ రాసిన వాల్టర్ టెవిస్ కాదు మొర్రో అంటూనే ఉన్నాడు. ఎవరూ వినలేదు. వాండెరోన్ అంతకుముందు న్యూయార్క్ ఫ్యాట్స్, ఆ రోజు నుంచి మిన్నెసోటా ఫ్యాట్స్. 1978లో మోస్కోనీతో టీవీలో ఆడి ఓడిపోయాడు, నోరు మాత్రం ఓడలేదు. దాక్కోవడం కంటే కనపడటంలోనే ఎక్కువ డబ్బుందని ముందుగా గ్రహించింది అతనే.

మిగిలినవాళ్ళకి మొహం తెలిస్తే నష్టమే. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ 1985లో మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు అతని పేరు ఇక్కడి జూదగాళ్ళకి అప్పటికే చేరింది, ఫోటో చేరలేదు. అందుకని హ్యూస్టన్ టోర్నమెంట్లో సీజర్ మోరాలెస్ అని రాయించుకున్నాడు. గెలిచేశాడు. అదే పని ఇవాళ చెయ్యాలంటే బేరం మొదలయ్యేలోపే ఎవడో ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు.

చివరి జంటల్లో ఒకటి 1990ల ఆఖరున, 2000ల మొదట్లో తిరిగింది. న్యూజెర్సీ కుర్రాడు డానీ బాసవిచ్, అందరూ 'కిడ్ డెలీషస్' అనేవారు. బాగా లావు, నవ్వుమొహం, చూస్తే ఎవరికీ అనుమానం రాదు. తోడు బాబ్ బెగీ. డానీకి డిప్రెషన్ ఉండేది, ఆ సంగతి అతనే బాహాటంగా చెప్పాడు. నెలల తరబడి మోటెళ్ళలో, పగలు నిద్ర, రాత్రి ఆట, పొద్దున్నే ఇంకో ఊరు. అలాంటి బతుకులో పక్కన ఒక మనిషి ఉండటం డబ్బుకే కాదు, మనిషికీ అవసరమే. తర్వాత అతను ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో పేరు తెచ్చుకున్నాడు. పేరు రాగానే రోడ్డు మూసుకుపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఏవైనా అడగాలంటే అడగండి.

(ప్రశ్న: ఇది మోసం కాదా అండీ?)

బంతులు జరపలేదు, నియమం తప్పలేదు. బలం ఎంతో చెప్పలేదు. అవతలివాడు కూడా 'ఈ అమాయకుణ్ణి దోచుకుందాం' అనుకునే వచ్చాడు. ఇలా వాదించుకుని హస్లర్లు నిద్రపోయారు. ఇద్దరు జూదగాళ్ళ మధ్య అయితే నేనూ ఒప్పుకుంటాను. నార్ఫోక్‌లో జీతం పోగొట్టుకున్న పందొమ్మిదేళ్ళ నావికుడి విషయంలో ఒప్పుకోను.

(ప్రశ్న: ఇంతా చేసి ఎంత వెనకేసుకున్నారు?)

చాలామంది ఏమీ వెనకేసుకోలేదు. పూల్‌లో నెగ్గింది గుర్రాల మీద, పాచికల మీద పోయేది. ఎందుకంటే అక్కడ వాళ్ళే అమాయకులు. కొందరు పూల్‌రూములు పెట్టుకున్నారు. నిలబెట్టుకున్నవాడు ఒకాయన మన పక్కనే ఉండేవాడు, బిల్ స్టేటన్. జాన్‌స్టన్ సిటీ ముఠాలోవాడే. జూదంలో నెగ్గిన డబ్బుతో వీనీ బీనీ అని హాట్‌డాగ్ కొట్లు పెట్టాడు, ఆయన్నీ ఆ పేరుతోనే పిలిచేవారు. ఒక కొట్టు ఇప్పటికీ ఆర్లింగ్టన్‌లో షర్లింగ్టన్ దగ్గర నడుస్తోంది. మీలో చాలామంది దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తుంటారు. శాకాహారులకి మాత్రం ఫ్రెంచ్ ఫ్రైసే దిక్కు. (నవ్వులు)